తూటా దిగిన జబ్బ

పటాన్‌చెరు బస్టాండు పక్కనున్న ఇరానీ హోటల్లో నన్ను గప్పాల డాక్టర్ అనేవాళ్లు. గప్పాలంటే కోతలు. ఆ పేరు నాకు ఊరికే రాలేదు, కష్టపడి సంపాదించుకున్నాను. ట్రాన్సిస్టర్ మింగిన గేదె కథ నాదే. సాయంత్రం పాలు పితకడానికి కూర్చుంటే దాని కడుపులోంచి వార్తలు వినిపించేవనీ, వర్షసూచన చెప్పిన రోజున పాలు కాస్త పలచబడేవనీ చెప్పేవాణ్ణి. పంటినొప్పితో చిరుతపులి మా పశువుల దవాఖానకు వచ్చి మేకల వెనక వరసలో నిలబడిన కథా నాదే. పులి వరస తప్పలేదు, మేకలే వరస వదిలేసి పోయాయి. ఇలాంటివి చెబుతుంటే నా టీకి ఎవరో ఒకరు పైసలిచ్చేవారు. సర్కారు జీతం మీద బతికే పశువైద్యుడికి అది చిన్న విషయం కాదు.

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం హోటల్లో ఎప్పుడూ చెప్పలేదు. చెబితే నవ్వుతారని కాదు. నవ్వరని.

మాది కృష్ణా తీరం. అరవైల చివర్లో ఉద్యోగం నన్నిక్కడికి తెచ్చి పడేసింది. అప్పటికి పటాన్‌చెరు అంటే జొన్నచేలు, రాతిగుట్టలు, తుమ్మచెట్లు. వాటి మధ్య అక్కడక్కడా కొత్తగా లేస్తున్న కార్ఖానా రేకుల షెడ్లు. కాజీపల్లి, గడ్డపోతారం వైపు పొద్దున్నే సైకిలు మీద వెళితే కృష్ణజింకల గుంపులు కనిపించేవి. మగది నల్లగా, పొట్ట తెల్లగా, మెలికల కొమ్ములతో, ఆ చేనంతా తన పట్టా భూమే అన్నట్టు నిలబడేది. ఇది గప్పా కాదు. ఇవాళ ఆ దారిన పోయేవాళ్లకు గప్పాలాగే ఉంటుంది, నేనేం చేయను.

డెబ్భైల మొదట్లో అడవి జంతువులను కాపాడే చట్టం కొత్తగా వచ్చింది. అంతవరకూ జింకను కొట్టినవాడు మొనగాడు, ఆ తర్వాత నేరస్తుడు. మా ఫారెస్టు రేంజరు కుర్రవాడు, ఉద్యోగానికి కొత్త, చట్టం కన్నా కొత్త. జిల్లాలో మొదటి కేసు తానే పట్టాలని అతని ఉబలాటం. ఒకరోజు మధ్యాహ్నం గార్డు చేత గోనెసంచీ మోయించుకుని మా దవాఖానకు వచ్చాడు. బల్ల మీద సంచీ దులిపితే ఒక ముంగాలు పడింది. గిట్టల నుంచి జబ్బ దాకా, గూడ ఎముకతో సహా ఉంది. పసుపుపచ్చగా ఉంది.

ఇదేమిటని గార్డును అడిగాను. సాక్ష్యం చెడిపోకూడదని దాని నిండా ఉప్పూ పసుపూ పట్టించానన్నాడు. వాళ్లమ్మ కూరకు అలాగే చేస్తుందట. ఇంకాస్త కారం, అల్లంవెల్లుల్లి తగిలించి ఉంటే కోర్టువారికి వడ్డించడమే తరువాయి. రేంజరు మొహం చూసి ఆ మాట పైకి అనలేదు.

సంగతి ఇది. కాజీపల్లి దగ్గరి ఒక ఊళ్లో మేకలు కాసుకునే మనిషి ఇంటిముందు అతని పెళ్లాం ఈ కాలును మంట మీద కాలుస్తోంది. వెంట్రుకలు కాలిన వాసన గార్డుకు తగిలింది. మేకకాలు అందామె. మేకకాలు ఇంత పొడుగా అన్నాడతను. మేకల కాపరిని స్టేషన్‌కు తీసుకుపోయారు. అతను ఒక్క మాటే చెబుతున్నాడు, దొరికింది అని. ఎక్కడ దొరికిందీ ఎవరిచ్చిందీ చెప్పడం లేదు. ఇది ఏ జంతువుదో నేను రాసిస్తే కేసు నిలబడుతుంది.

మా చదువులో దీన్ని ఎవరూ ప్రత్యేకంగా నేర్పలేదు. కానీ బతికున్న మేకల కాళ్లు వేలకొద్దీ పట్టుకున్నవాడికి చచ్చిన కాలు అబద్ధం చెప్పలేదు. మేక ముంగాలి ఎముక పొట్టిగా, దిట్టంగా ఉంటుంది. ఇది పొడుగ్గా, సన్నగా, పరుగు కోసమే చెక్కినట్టుంది. గిట్టల సందులో మంట తగలని చోట ఇన్ని వెంట్రుకలు మిగిలాయి. బయటివైపు నల్లవి, లోపలివైపు తెల్లవి. సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాను. కృష్ణజింక. మగది. మంచి వయసులో ఉంది. పది నిమిషాల పని.

అక్కడితో ఆపేసి ఉండొచ్చు. రేంజరు అడిగింది అంతే. కానీ జబ్బ దగ్గర మాంసం నల్లగా నెత్తురు గడ్డకట్టి ఉంది. వేలితో తడిమితే గూడ ఎముక పెంకుల్లా కదిలింది. కోసి చూశాను. ఎముక బయటివైపు చిన్న రంధ్రం, లోపలివైపు గరాటులా విచ్చుకుంది. ఆ దారినే పోతే మోచేతి కీలు పైన కండలో ఇరుక్కుని ఒక తూటా దొరికింది. సీసం మీద రాగి తొడుగు. నాటుతుపాకీ రవ్వ కాదు, ఖరీదైన రైఫిలుది. దారి ఏటవాలుగా పైనుంచి కిందికి దిగింది. నేల మీద నిలబడి దూరం నుంచి కొడితే తూటా అడ్డంగా పోతుంది. ఇంత వాలుగా కిందికి దిగాలంటే కొట్టినవాడు దగ్గరగా ఉండాలి, ఎత్తులో ఉండాలి. ఆ మైదానంలో దగ్గరికి రాగలిగేదీ, ఎత్తుగా ఉండేదీ ఒక్కటే, జీపు.

నాకు గర్వంగా అనిపించింది. ఎందుకు దాచాలి? మేకల కాపరి జన్మలో జీపెక్కలేదు. రైఫిలు ముట్టలేదు. చచ్చిన జింక తనను చంపినవాడి వివరం తన జబ్బలోనే దాచుకుని వచ్చిందని ఆ సాయంత్రమంతా నాలో నేనే మురిసిపోయాను.

మర్నాడు పొద్దున ఆ మనిషి పెళ్లాం వచ్చింది. గడప దాటి లోపలికి రాలేదు. మేకేదీ వెంట లేదు. చాలాసేపు గోడకానుకుని నిలబడి, అందరూ పోయాక మాట్లాడింది.

"సారూ, గది మేకదేనని రాయున్రి."

అది మేకది కాదమ్మా అన్నాను.

"కాదని నాకెర్కలేదా? రాయున్రి అంటున్న."

అబద్ధం రాయలేనని చెప్పాను. అప్పుడామె నా మొహంలోకి చూసింది.

"హోటల్ల కూసోని గన్ని గప్పాలు కొడ్తరు. పులి దవాఖానకొచ్చిందంటరు. ఉత్తపున్యానికి ఊరందరికి అబద్దం చెప్తరు గద, మా ఇంటాయన కోసం ఒక్కటి చెప్తే ఏం పోతది సారూ?"

ఇరానీ హోటల్లో నాకెవరైనా ఎదురు చెబితే అక్కడికక్కడే రెండు ముక్కలు వడ్డించేవాణ్ణి. ఆమెను మాత్రం బెంచీ మీద కూర్చోమన్నాను. కూర్చోలేదు. లోపలికి పిలిచి తూటా చూపించాను. ఇది మీ ఇంట్లోది కాదు కదా, ఇది ఎవరిదో తేలితే నీ మొగుడు ఇంటికొస్తాడు, అబద్ధంతో పని లేదు అన్నాను. ఆమె తూటాను చూసింది గానీ ముట్టుకోలేదు. తర్వాత కొంచెం కొంచెంగా అసలు విషయం చెప్పింది.

కార్ఖానా దొరలు ఆదివారాలు షికారుకు వస్తారు. ఊళ్లో నలుగురిని హాకాకు పిలుస్తారు. హాకా అంటే డబ్బాలు వాయిస్తూ, అరుస్తూ జింకల్ని తుపాకీ వైపు తోలే పని. మేకల కాపరికి జింకలు ఎప్పుడు ఎక్కడ మేస్తాయో తెలుసు కనక అతన్ని తప్పక పిలుస్తారు. జింక పడ్డాక తొడలు, వీపు, చర్మం, కొమ్ములు జీపెక్కుతాయి. తూటా దిగిన జబ్బ మాత్రం హాకా కొట్టినవాళ్లది. నెత్తురు గడ్డకట్టి ఉంటుంది, ఎముక ముక్కలు పంటికింద పడతాయి, దొరలు దాన్ని తినరు. తాతల నాడు జాగీర్దార్లు వేటకు వచ్చినప్పటి నుంచీ అదే లెక్కట. అది వాళ్ల కూలి. వేరే కూలి లేదు.

ఈ మాటలే కోర్టులో చెప్పమన్నాను.

"మా మరిది గదే కార్ఖాన్ల రోజుకూలికి పోతడు. పేరు బయటికొస్తే రేపట్నుంచి గేటుకాడికెల్లె ఎల్లగొడ్తరు. మా ఒక్కరిదేనా, ఊరు ఊరంత గా గేటు మీదనే బతుకుతున్నది." కొంగు సర్దుకుని మెట్లు దిగింది. దిగుతూ, వెనక్కి తిరగకుండానే అంది. "ఆయన చెప్పడు. నేను చెప్ప. మీరన్నా మేక అనున్రి."

పేరు వాళ్లు చెప్పనక్కర్లేదు, తూటాయే చెబుతుంది అనుకున్నాను. లైసెన్సు రైఫిళ్లు ఈ చుట్టుపక్కల ఎన్నో లేవు. హైదరాబాదులో తూటాను పరీక్షించి ఏ తుపాకీదో చెప్పేవాళ్లు ఉన్నారు. రిపోర్టులో జింక సంగతి నాలుగు వాక్యాల్లో రాసి, తూటా సంగతి రెండు పేజీలు రాశాను. తూటా దారి బొమ్మ గీసి పెట్టాను. అంత శ్రద్ధగా నేను నా పెళ్లి శుభలేఖ కూడా రాసుకోలేదు.

ఆ వారంలోనే కార్ఖానా పెద్ద ఇంజనీరు తన కుక్కకు సూది వేయించడానికి వచ్చాడు. జీపులో వచ్చాడు. మా వైపు మనిషే, మాటలోనే తెలిసిపోతుంది. మీదే ఊరండీ అని మొదలుపెట్టి, మా మేనమామ ఊరి చెరువు దాకా వచ్చాడు. నా గేదె కథ వాళ్ల క్లబ్బులో అందరికీ కంఠతా వచ్చట. కుక్క తలను ఒళ్లో పెట్టుకుని నిమురుతూ అడిగాడు.

"ఏదో జింక కేసంట కదండీ, ఏవన్నా తేలిందా?"

తేలిందన్నాను. అతని కళ్లలోకే చూస్తూ, తూటా కూడా దొరికింది అన్నాను. మనిషి ఉలిక్కిపడతాడని ఎదురుచూశాను. ఉలిక్కిపడలేదు.

"రాసెయ్యండి మరి. ఉన్నదున్నట్టు రాయాలండీ. మీలాంటోళ్లు రాయకపోతే ఇంకెవరు రాస్తారు చెప్పండి?"

కొవ్వు చూడు అనుకున్నాను. తన రైఫిలు జోలికి ఎవడొస్తాడనే ధీమా అనుకున్నాను. అది ధీమా కాదనీ, చట్టం నాకన్నా అతనికే బాగా తెలుసనీ అర్థం కావడానికి కోర్టు దాకా పోవాల్సి వచ్చింది.

సంగారెడ్డి కోర్టులో నన్ను బోనెక్కించిన రోజు మేకల కాపరిని మొదటిసారి దగ్గరగా చూశాను. సన్నటి మనిషి. చెవులకు పోగులు. చేతులు కట్టుకుని, తనది కాని ఇంటి అరుగు మీద నిలబడినట్టు నిలబడ్డాడు. అతని తరఫున ఒక చిన్న వకీలు ఉన్నాడు, మాట్లాడేటప్పుడు పదే పదే గొంతు సవరించుకునేవాడు. పెళ్లాం వెనక గుమ్మం దగ్గర నేల మీద కూర్చుంది.

ప్రాసిక్యూటరు నన్ను ఏ జంతువని అడిగాడు. చెప్పాను. ఎలా తెలుసన్నాడు. ఎముక, గిట్ట, వెంట్రుక అన్నీ చెప్పాను. మేజిస్ట్రేటు తల ఊపుతూ రాసుకున్నాడు. నిపుణుడి మాట అంటే అంత గౌరవం. తర్వాత తూటా దగ్గరికి వచ్చాం. పైనుంచి దిగిందనీ, దగ్గర నుంచి కొట్టారనీ, జీపు మీద నిలబడి కొట్టిన దెబ్బ అనీ చెప్పాను. మేజిస్ట్రేటు కలం ఆగింది.

ప్రాసిక్యూటరు నవ్వుమొహంతో తిరిగి, జీపును డాక్టరుగారు కళ్లతో చూశారా అని అడిగాడు. చూడలేదన్నాను. డాక్టరుగారి జీపులూ పులులూ జిల్లా అంతా ప్రసిద్ధమేనని కోర్టుకు మనవి చేశాడు. వెనక బెంచీల్లో కిలకిలమన్నారు. ఆ నవ్వు నాకు పరిచయమే. హోటల్లో దాని కోసమే కదా పడి చచ్చేవాణ్ణి.

మేజిస్ట్రేటు మంచివాడే, న్యాయంగానే అడిగాడు. "ముద్దాయి చెట్టెక్కి కొట్టి ఉండొచ్చు గదా?"

ఆ చేలల్లో ఉన్నవి తుమ్మచెట్లండీ అన్నాను. చెట్టే కదా అన్నాడు.

ఇక్కడ కాస్త ఆగాలి. నేను పులిని వరసలో నిలబెట్టినవాణ్ణి. గేదె చేత వార్తలు చదివించినవాణ్ణి. కానీ గోచీ కట్టుకున్నవాణ్ణి తుమ్మచెట్టెక్కించి, ముళ్ల మధ్య కూర్చోబెట్టి, లేని రైఫిలు చేతికిచ్చి, ఆగని జింకను గురి చూసి కొట్టించేంత ధైర్యం నాకెన్నడూ కలగలేదు. సర్కారుకు కలిగింది. ఆ గప్పాకు ఎవరూ నవ్వలేదు. గుమాస్తా రాసుకున్నాడు.

తూటాను పరీక్షకు పంపి, ఈ ప్రాంతపు లైసెన్సు రైఫిళ్లతో పోల్చి చూడమని అడిగాను. ఎవరి రైఫిలుతో పోల్చాలన్నారు. ఇంకో ముద్దాయి ఎవరూ లేరు. ఉన్న ముద్దాయి దగ్గర రైఫిలు లేదు. కనక పోల్చడానికి ఏమీ లేదు. రైఫిలు లేకపోవడం అతని వైపు సాక్ష్యం కదా అన్నాను. దాచిపెట్టాడు, ఎక్కడో దాచాడు కనకనే దొరకలేదు అన్నారు. ఆ దాచిన చోటు కోసం పోలీసులు అతని గుడిసె నేలంతా తవ్వారనీ, అడిగే పద్ధతిలో అతన్నీ అడిగారనీ నాకు వకీలు తర్వాత చెప్పాడు.

చివర్న మేజిస్ట్రేటు ముద్దాయినే అడిగాడు. జింకను ఎవరు కొట్టారు?

"దొరికింది దొరా."

తూటా ఎవరిది?

"నాకు తెల్వదు దొరా. గది జబ్బల ఉండె."

జింక అన్నప్పుడు నేను నిపుణుణ్ణి. తూటా అన్నప్పుడూ నిపుణుణ్ణే, అది అతని ఇంట్లో దొరికింది కనక. జీపు అన్నప్పుడు మాత్రం గప్పాల డాక్టర్ని. నా నిజాన్ని కోర్టు మాంసం కొట్టువాడిలా ముక్కలు కోసి, తనకు కావలసిన ముక్కలు తూకం వేసుకుంది.

శిక్ష పడింది. జైలు. బయట వరండాలో చిన్న వకీలు బీడీ వెలిగించుకుంటూ మెల్లగా అన్నాడు. "ఉత్త కూర దొరికిన కేసైతే జుర్మానా కట్టి బయటపడుతుండె సార్. తుపాకితోటి కొట్టిండని తేలినంక ఇడుస్తరా? తూటా ఎవల్ అడిగిన్రు మిమ్మల్ని?"

ఆమె మా పక్కనే ఉంది. వింది. నన్ను తిడుతుందేమోనని ఒక క్షణం ఆశపడ్డాను. తిట్టలేదు. జైలు ఎటువైపని వకీలును అడిగి, అటు నడిచింది.

రేంజరుకు మంచి పేరొచ్చింది. నా రిపోర్టు, ముఖ్యంగా ఆ బొమ్మ, పైఅధికారుల మెప్పు పొందిందని చెప్పి చేయి కలిపాడు. ఇంజనీరు కుక్కను తీసుకుని మళ్లీ వచ్చాడు. నేను లేనని అటెండరు చేత చెప్పించి, లోపలి గదిలో మందుసీసాల మధ్య కూర్చున్నాను. హోటల్లో కథలు మాత్రం మానలేదు. మానేస్తే ఎందుకు మానేశావని అడుగుతారు కదా. పులికి ఇంకో పన్ను ఊడగొట్టాను.

వానలకు ముందు చిటుకు రోగం రాకుండా ఊరూరా తిరిగి మేకలకు, గొర్రెలకు టీకాలు వేస్తాం. ఆ ఊళ్లో అందరూ మందలు తోలుకొచ్చారు, ఆమె తేలేదు. మనిషిని పంపితే, మా మేకలు బాగానే ఉన్నయని చెప్పమందట. ఆ వానల్లో ఆమె మందలో కొన్ని పోయాయని విన్నాను. కొన్ని అంతకుముందే వకీలు కోసం పోయాయి.

మరుసటి ఏడు టీకాల వేళకు అతనే వచ్చాడు, మిగిలిన మేకలతో. జైలు నుంచి వచ్చి చాన్నాళ్లయిందట. వేపచెట్టు కింద మేకను మోకాళ్ల మధ్య ఒడుపుగా పట్టుకుని నా ముందుకు నెట్టేవాడు. నేను సూది గుచ్చేవాణ్ణి. మునుపెన్నడూ ఏమీ జరగనట్టే నమస్తే పెట్టాడు. అది నాకు చెంపదెబ్బలా తగిలింది. ఏదో ఒకటి మాట్లాడాలి కనక ఎలా ఉన్నావన్నాను.

"బాగనే ఉన్న సారూ. మొన్న ఐతారం హాకాకు పోయిన."

మళ్లీ వాళ్లతోనా అన్నాను.

"పిలిస్తే పోకుంట ఉంటనా? మా తమ్ముని కూలి ఉన్నది గద." ఇంకో మేకను లాగాడు. "ఈసారి గూడ జబ్బ మాకే ఇడిసిపోయిన్రు. నేనైతె ఇంటికి తేలె. గాడ్నే గుంత తీసి బొందవెట్టిన. కుక్కలు తోడకుంట మీద రాళ్లు పేర్చిన." తల ఎత్తి నా వైపు చూశాడు. చదువుకున్నవాడిని సలహా అడిగే చూపు, అందులో వెటకారం లేదు. వెతికాను, లేదు. "మంచిగనే జేసిన గద సారూ?"

సర్కారు జీతం తింటూ, అడవి జంతువు చావుకు కోర్టులో సాక్ష్యం చెప్పిన మనిషిని. ఆ రాళ్ల కింద ఇంకో తూటా ఉంది. ఏ చేలో, ఏ గట్టు పక్కనో అడిగితే చెప్పేవాడు.

మంచి పనే చేశావన్నాను. మేకను గట్టిగా పట్టుకోమన్నాను.